భీమమ్మ వేసిన మాటు

"కిలోన్నర పసుపు. ఏడాదికని పట్టించి పెట్టుకున్నది. కూరకు చిటికెడు లేకుండ మొత్తం ఇంజన్ల పోసినవా, లేకుంటే ఎవరికన్న ఇంత దానం చేసినవా?"

పొద్దున లేచిన దగ్గర్నుంచి రిబ్కమ్మ ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. ఈసారి ఖాళీ డబ్బాను కూడా తెచ్చి మొగుడి ముందు బోర్లించింది. లాజరు కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు.

"ఇంజన్ల కాదు, రేడియేటర్ల," అన్నాడు. నాలుగుసార్లూ అతను సరిదిద్దింది ఆ ఒక్క ముక్కనే.

"ఏదైతేంది. రెండిట్ల ఏదీ అన్నం తినేది కాదు గదా."

దారిలో రేడియేటర్ కారితే చారెడు పసుపు పోస్తే చాలు, అది నీళ్లలో ఉబ్బి చిల్లికి అడ్డం పడుతుంది, ఎట్లాగో ఊరు చేరవచ్చునని పాత లారీ డ్రైవర్లందరికీ తెలుసు. లాజరుకూ తెలుసు. మిలిటరీలో పదిహేడేళ్లు, బయట ముప్పై ఏళ్లు బండి నడిపిన మనిషి. కానీ చారెడుకు ఆగలేదని రోజుకింత చొప్పున వారం రోజులు పోశాడు. కారడం నిజంగానే ఆగింది. దాంతోపాటు లోపల నీళ్లు తిరగడం కూడా ఆగిపోయింది. సోమవారం నాడు బండి స్టార్టు చేసి పది నిమిషాలు కాకముందే ముందరి జాలీలోంచి ఆవిరి లేచింది. ఆత్రంలో మూత తిప్పాడు. సలసల కాగుతున్న పసుపునీళ్లు మోచేతి దాకా చిమ్మాయి. దవాఖానలో నర్సమ్మ ఆ చెయ్యి చూసి, "కాలిన కాడ పసుపు పుయ్యొద్దని మీకు ఎన్నిసార్లు చెప్పాలె," అని కోప్పడింది. లాజరు తల ఊపాడు. పుయ్యలేదంటే అసలు సంగతి చెప్పుకోవాల్సి వచ్చేది.

"ఇగ లొల్లి ఎందుకమ్మా," అంటూ కొడుకు స్టాన్లీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. అతను నారాయణఖేడ్‌లోనే ఒక బడి బస్సు నడుపుతాడు. "ఆదివారం ఆయన కాగితాలు పట్టుకొని వస్తుండు. నువ్వు సంతకం పెట్టినవంటే పసుపు పోసే బాధ ఉండదు, చేతులు కాలే బాధ ఉండదు."

ఆయన అంటే పట్నం అవతల రిసార్టు కట్టుకుంటున్న ఒక పెద్దమనిషి. స్టాన్లీ ఫోనులో బండి ఫోటోలు చూసి ఆయన మనసుపడ్డాడు. పాత మిలిటరీ బండిని గేటు ముందు నిలబెట్టి, కొత్తగా రంగు వేయించి, వెనక తొట్టిలో మట్టి నింపి పూలమొక్కలు పెట్టిస్తాడట. వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారట.

"నడవకున్నా పర్వాలేదన్నడు," అన్నాడు స్టాన్లీ.

"నడవకున్నా పర్వాలేదన్నోనికి బండెందుకు? గోడ మీద బొమ్మ గీయించుకొమ్మను," అన్నాడు లాజరు.

"బొమ్మకైతే మనకు పైసలియ్యడు నాయినా."

లోపలి నుంచి కోడలు రోజ, "బొమ్మ ముచ్చట తర్వాత. ఇయ్యాల కూర తెల్లగనే వండాల్నా?" అంది. రిబ్కమ్మకు నవ్వొచ్చింది గానీ డబ్బా చేతిలో ఉన్నందున నవ్వలేదు.

సంతకం రిబ్కమ్మదే కావాలి. లాజరు పింఛనుతో ఇంటికొచ్చిన ఏడాది సికింద్రాబాద్‌లో మిలిటరీవాళ్లు పాత శక్తిమాన్ లారీలను వేలం వేస్తే ఒకటి పాడుకున్నాడు. అన్నదమ్ముల పంపకాలు ఇంకా తేలని రోజులు. అందుకని కాగితాలు భార్య పేరున రాయించాడు. ముప్పై ఏళ్లుగా బండికి యజమాని రిబ్కమ్మే. ఈ నెల దాకా ఆ సంగతి ఎవరికీ పనికిరాలేదు. ఇప్పుడు మాత్రం కొడుకు ఒక దిక్కు నుంచి, మొగుడు ఒక దిక్కు నుంచి ఆమె మొహం చూస్తున్నారు.

ఆమె మనసు కొడుకు దిక్కే ఉంది. బండి అమ్మితే వంటిల్లు కట్టిస్తానన్నాడు స్టాన్లీ. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన్నాటి నుంచి ఆమె వంట వెనకాల రేకుల కిందనే. ఎండాకాలం ఆ రేకుల కింద పెనం అవసరం లేదనిపిస్తుంది. వానాకాలం పొయ్యి పక్కన ఒక గిన్నె, పిండి డబ్బా పక్కన ఒక గిన్నె, చినుకులు పట్టడానికి. ఇప్పుడు రోజకూ అదే పని. స్లాబు, నిలబడి వండుకునే గట్టు, అందే ఎత్తున అరలు, ఒక కిటికీ. ఇవి రిబ్కమ్మ ఎవరికీ చెప్పకుండా ముప్పై ఏళ్ల నుంచి మనసులో కట్టుకున్నవి. కిటికీ ఏ దిక్కు ఉండాలో కూడా ఆమెకు తెలుసు.

కానీ వచ్చే వారం ధారూరులో క్రైస్తవుల జాతర. ఏటా చర్చి ఆడవాళ్ల వంటపాత్రలు, గుడారాల టార్పాలిన్లు, కట్టెలు ఈ బండి మీదనే పోతాయి. మనుషులు బస్సుల్లో పోతారు, సామాను లాజరు బండిలో. ఈ ఏడూ అట్లాగేనని ఆమె అందరికీ మాట ఇచ్చేసింది. అందుకే మధ్యేమార్గంగా ఒక ఒప్పందం చేసింది. రేడియేటర్ బాగుచేయించి జాతర సామాను చేర్చి రావాలి. ఆదివారం సంతకం పెట్టేస్తుంది. బండిని ఆ పెద్దమనిషి జాతర అయినాక తీసుకుపోవచ్చు.

"ఒక్క జాతర," అన్నాడు లాజరు. అది ఒప్పుకోవడమో కాదో ఎవరికీ తెలియలేదు.

తండ్రి చెయ్యి పనికిరాదు కాబట్టి బస్సు డ్యూటీకి పోయేముందు స్టాన్లీయే రేడియేటర్ ఊడదీశాడు. "నీకోసం కాదు, అమ్మ జాతర కోసం," అని తండ్రికి చెప్పి మరీ తీశాడు. లాజరు పక్కన నిలబడి ఏ బోల్టు ముందో ఏది వెనకో చెబుతూ పోయాడు. కిందికి దించేసరికి ఇద్దరి చొక్కాలకూ పసుపు మరకలే.

"దగ్గరుండి చేయించు," అన్నాడు లాజరు భార్యతో, దాన్ని పక్కింటి యేసుబాబు ఆటోలోకి ఎక్కిస్తుంటే. "పడేసి రాకు. భీమమ్మ చేతికే ఇయ్యి, మొగులప్ప చేతికి కాదు."

దుకాణం బస్సు డిపో దాటినాక ఎడమచేతి దిక్కు. బోర్డు మీద 'మొగులప్ప రేడియేటర్ వర్క్స్' అని ఎర్రక్షరాలు. ముందు కుర్చీలో తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నది మొగులప్ప. చొక్కా మీద ఒక్క నల్లమచ్చ లేదు. ఆటోలోంచి దిగుతున్న రేడియేటర్‌ను చూసి లేచి, "రా అక్కా, లాజరన్న చెయ్యి ఎట్లుంది?" అని పలకరించి, స్టూలు వేసి, చాయ్ చెప్పి, లోపలికి తిరిగి, "ఏమే, మిలిటరీది వచ్చింది," అన్నాడు.

లోపలి నుంచి భీమమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, చీర మీద మగవాళ్ల ఖాకీ చొక్కా. గాజులు తీసి మేకుకు తగిలించింది. రేడియేటర్ ఒక కొస యేసుబాబు పట్టుకుంటే రెండో కొస తానే ఎత్తింది.

"బోర్డు మీద నీ పేరుంది గదా మొగులప్పా, పని ఆమె చేస్తదేంది?" అని రిబ్కమ్మ ఊరికే అడిగింది. ఊళ్లో అందరికీ తెలిసిందే.

"నాకు మంటంటే భయమక్కా," అన్నాడు మొగులప్ప, దాచుకునేది ఏమీ లేనట్టు. "మా నాయిన నేర్పిచ్చిండు, చెయ్యి వణికింది. ఆమె ఒకనాడు నా చేతులకెళ్లి మంట గొట్టం గుంజుకున్నది. గప్పటి నుంచి నేను మాట్లాడ్త, ఆమె పని చేస్తది. ఇద్దరం పరేషాన్ లేకుండ ఉన్నం."

"మాట్లాడుడు తక్కువ పని అనుకుంటవా అక్కా," అన్నది భీమమ్మ తల ఎత్తకుండానే. "నాతోని అయ్యేది కాదు."

ఆమె ముందు రేడియేటర్ పైపుల మూతులకు రబ్బరు బిరడాలు బిగించి, దుకాణం వెనకనున్న నీళ్ల తొట్టిలో ముంచింది. ఒక సన్నగొట్టం గుండా లోపలికి గాలి పంపింది. నీళ్లలో బుడగలు లేచాయి. బుడగలతోపాటు పసుపు కూడా లేచి తొట్టి అంతా పరుచుకుంది.

"అక్కా, ఇది రేడియేటరా, పులుసు గిన్నెనా?"

రిబ్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఆయన వండిండు."

బుడగలు వచ్చిన చోటల్లా తడి ఇత్తడి మీద భీమమ్మ మేకుతో సన్నగా గీత గీసింది. తర్వాత బయటికి తీసి, గ్యాసు మంట వెలిగించి, పైన మూతలాగా ఉండే ఇత్తడి తొట్టి అతుకును చుట్టూరా వేడి చేస్తూ వచ్చింది. మంట ఒక్కచోట నిలవలేదు. పసిపిల్ల ఒళ్లు తుడిచినట్టు పోతూనే ఉంది. ఎక్కువసేపు ఆగితే పక్కనున్న సన్న గొట్టాలకు వేసిన మాటు, అంటే టంకం అతుకు, కూడా కరిగిపోతుందట. ఒక క్షణం వెండిలా మెరిసి అతుకు జారింది. భీమమ్మ పట్టకారుతో మూతను లేపింది, కుండ మీద మూకుడు తీసినంత సులువుగా.

లోపల వరసలు వరసలుగా సన్నటి గొట్టాల నోళ్లు. చాలావాటిలో పసుపు ముద్ద. భీమమ్మ చిన్న గరిటెలాంటి దానితో గీరింది. పసుపు కింద గట్టిగా బూడిదరంగు పొర.

వేలికి రాసుకుని చూసి, "జొన్నపిండి," అంది.

రిబ్కమ్మకు గుర్తొచ్చింది. ఏడెనిమిదేళ్ల కిందటి మాట. సిర్గాపూర్ సంత నుంచి వస్తుంటే దారిలో బండి కారింది. వెనక పిండి సంచి ఉంది. లాజరు రెండు గుప్పిళ్లు అడిగాడు. ఆమె నాలుగిచ్చింది.

"అది నేనే," అని ఒప్పుకుంది.

"హౌదు, మంచి పిండే," అన్నది భీమమ్మ. ఆమె పుట్టిల్లు బీదరు దిక్కు. అవునన్నప్పుడల్లా ఆ మాట అట్లాగే వస్తుంది. "ఇంకా కదలలె."

జొన్నపిండి కింద తెల్లటి సున్నపు పొర, చెంబుల అడుగున పట్టే లాంటిదే. "ఇది మీ బోరు నీళ్లు." దాని కింద పలుచగా ఎర్రమట్టి. "ఇది చెరువుదో, మంజీరదో. ఎప్పుడో మస్తు రోజులు ఆ నీళ్లే పోసిన్రు."

ఆ ఎర్రపొర ఏ ఏటిదో రిబ్కమ్మకు తెలుసు. బోర్లన్నీ ఎండిపోయిన ఏడాది. లాజరు బండి వెనక డ్రమ్ములు కట్టి మంజీర నుంచి నీళ్లు తోలాడు. గల్లీ గల్లీకి, సిర్గాపూర్ దాకా, కల్హేర్ దాకా. పొద్దుగూకి దిగితే కాళ్లు వాచి చెప్పులు ఎక్కేవి కావు. పదేళ్ల స్టాన్లీ బడి లేని రోజుల్లో తండ్రి పక్కన కూర్చుని హారన్ కొట్టేవాడు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఆ హారన్‌కు ఉరికేవాళ్లు. ఇంట్లో మనిషి ఏం చేశాడో ఇన్నేళ్లకు ఒక గరిటె కొసన కనబడింది.

భీమమ్మ మాత్రం ఇంకో చోట ఆగిపోయింది. కింది తొట్టి మూలన ఒక పాత అతుకు. జానెడు పొడవు, దారంతో కుట్టినంత సమంగా ఉంది. దాని పక్కన ఇత్తడి మీద చిన్న బాణం గుర్తు, అరిగిపోయిన అంకెలు. భీమమ్మ బొటనవేలితో ఆ అతుకును ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమింది.

"ఇది మిలిటరోళ్లు వేసిన మాటు. నలభై ఏండ్ల మీదనే అయితది. ఎవడో గాని చెయ్యి తిరిగిన మనిషి," అంది. "చూసినవా, ఎక్కడన్న లేసిందా?"

"నాకేం తెలుసు తల్లీ."

"తడుము. తెలుస్తది."

రిబ్కమ్మ తడిమింది. ఇత్తడి ఎక్కడ ఆగిందో, మాటు ఎక్కడ మొదలైందో వేలికి తెలియలేదు.

చాయ్ వచ్చింది. భీమమ్మ నిలబడే తాగుతూ లెక్క చెప్పింది. కొత్తది తెప్పించుకోవచ్చు, అల్యూమినియంది, తేలికగా ఉంటుంది. బండికి సరిపోయేటట్టు కొక్కేలు మార్చాలి, పాతది తూకానికి పోతుంది. లేదా దీన్నే బాగుచేయవచ్చు, దానికి రెండు రోజులు పడుతుంది. మూడోది, పైపైన ముద్ద పెట్టి గంటలో పంపించవచ్చు.

"బండి ఇంకెన్నాళ్లు నడిపిస్తరు?"

రిబ్కమ్మ చాయ్ గ్లాసులోకి చూసింది. "ఒక్కసారి. జాతరకు పోయి వస్తే సాలు. తర్వాత అమ్ముతున్నం." చెప్పాక, చెప్పింది సగమేననిపించి, "గేటు ముంగట నిలబెడ్తరట. తొట్టిల పూలమొక్కలు పెడ్తరట," అని ముగించింది.

"మంచిదే," అన్నాడు మొగులప్ప. "డీజిల్ ఖర్చు లేదు, నీళ్లు మాత్రం పోస్తనే ఉండాలె."

భీమమ్మ నవ్వలేదు, తప్పుపట్టనూ లేదు. "ఒక్కసారికైతే ముద్ద పెట్టి పంపిస్త. గంట కూర్చో."

"నువ్వైతే ఏం చేస్తవు?"

"నన్నడుగుతవేంది అక్కా, బండి నాదా?" అని, గ్లాసు కింద పెట్టి, "నాకైతే ఒక్కసారికి పనికొచ్చే పని చేసుడు రాదు. ముద్ద పెట్టాల్నంటే నా చెల్లె కొడుకును పిలుస్త, వాడు పెడ్తడు," అంది.

డిపోలోంచి జహీరాబాద్ బస్సు బయటికి వచ్చి మలుపు తిరిగింది. రిబ్కమ్మ అది వెళ్లిపోయేదాకా చూసి, గ్లాసు కింద పెట్టింది.

"నీకొచ్చినట్టే చెయ్యి," అంది.

అప్పుడు మొదలైంది అసలు పని. కింది తొట్టిని కూడా ఊడదీసి, సైకిలు పుల్ల కంటే సన్నటి, బద్దలాంటి ఇనుప కడ్డీలను భీమమ్మ ఒక్కొక్క గొట్టంలోకి దింపింది. పై నుంచి సగం, తిప్పి కింది నుంచి సగం. నూటికి పైన గొట్టాలు. కడ్డీని తోసేటప్పుడు ఆమె చెవి పక్కకు వంచి వినేది. గొట్టం పలుచబడ్డ చోట చప్పుడు మారుతుందట, అక్కడ తోయకూడదట. మధ్యాహ్నం దాకా కడ్డీల గరగరే. మొగులప్ప ముందు కూర్చుని వచ్చినవాళ్లను పంపిస్తూ, "ఇయ్యాల ఆమెను ఎవరూ పిలవొద్దు, మిలిటరీ డ్యూటీల ఉన్నది," అంటున్నాడు.

సున్నం మాత్రం కడ్డీకి పూర్తిగా లొంగలేదు. యాసిడ్ పోస్తే జల్దీ పోతుంది గానీ ఇంత పాత గొట్టాలను అది తినేస్తుంది అన్నది భీమమ్మ. దానికి ఆమె మందు ఒకటే. డ్రమ్ములో చింతపండు పులుసు కాచి రాత్రంతా నానబెట్టడం. రెండు కిలోలన్నా కావాలి.

ఇత్తడి బిందె దేనితో తోముతారో రిబ్కమ్మకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. యేసుబాబు ఆటోలో ఇంటికి పోయి చింతపండు కుండ దించింది. రోజ చూస్తూ నిలబడింది.

"మామ పసుపు పోసిండు, మీరు చింతపండు పోస్తున్నరు. ఉప్పూ కారం కూడా పట్టుకపోండ్రి అత్తమ్మా, ఒకటే పారి పొయ్యి మీద ఎక్కిద్దురు."

"నోరు మూసుకొని ఆ బట్ట అందియ్యి," అన్నది రిబ్కమ్మ. గడప మీద లాజరు చింతపండు దిక్కే చూస్తున్నాడు. అతని మొహంలో మూడు రోజుల్లో మొదటిసారి ఒక వెలుగు కనబడింది. రిబ్కమ్మ అటు చూడకుండా ఆటో ఎక్కేసింది.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే, ఎవరూ పొమ్మనకుండానే, ఆమె మళ్లీ దుకాణంలో ఉంది. డ్రమ్ములోంచి తీసి కడిగితే రేడియేటర్ కొత్త బిందెలాగా ధగధగ మెరిసింది. భీమమ్మ ఎండలోకి ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి, గొట్టాల గుండా అవతలికి చూసింది. రిబ్కమ్మను కూడా చూడమంది. ప్రతి గొట్టం కొసనా ఒక వెలుతురు చుక్క. తొమ్మిదింటిలో లేదు. వాటిని ఎప్పుడో ఎవరో మూసేశారు. ఇంకా రెండు చిల్లులు పడి పనికిరాకుండా పోయాయి.

"ఆ రెండూ నేను మూస్త. మిగిలినయి సాలు. మనిషికి పండ్లు నాలుగు పోయినయని అన్నం మానేస్తడా?"

మంట వెలిగింది. మాటు అంటుకోవడానికి వాడే నవాసాగరం బిళ్ల మీద, మాటు వేసే పనిముట్టు రాగి కొనను రుద్దితే తెల్లటి పొగ లేచి ముక్కు మండింది. భీమమ్మ ఎడమచేతిలో తగరపు కడ్డీ, కుడిచేతిలో మంట. చిల్లి దగ్గర ఇత్తడి వేడెక్కేదాకా కడ్డీని దూరంగా పట్టుకునేది. ఇత్తడి రంగు ఒక్క రవ్వ మారగానే కడ్డీ కొసను తాకించేది. తగరం నీళ్లలాగా కరిగి తనంతట తానే సందులోకి పోయేది. అది పోయేదాకా ఆమె ఊపిరి బిగబట్టేది. చల్లారకముందే బట్టతో ఒక్కసారి తుడిచేది. రెండోసారి తుడవగా రిబ్కమ్మ చూడలేదు.

ముప్పై ఐదేళ్లుగా రొట్టెలు కొడుతున్న చేతులు రిబ్కమ్మవి. పెనం ఎప్పుడు చాలో చూడకుండానే ఆ చేతులకు తెలుసు. అందుకే భీమమ్మ చేతులను ఆమె అంతసేపు చూడగలిగింది. అన్నింటికంటే ఆమెకు నచ్చింది ఒకటుంది. కింది తొట్టి అతికేటప్పుడు ఆ మిలిటరీ మాటు పక్కకు వచ్చేసరికి భీమమ్మ తడిబట్ట మడతపెట్టి దాని మీద కప్పింది, మంట సెగ తగలకుండా. ముక్కూ మొహం తెలియని ఎవడో సిపాయి చేసిన పని అది.

శనివారం స్టాన్లీకి సెలవు. భీమమ్మ రేడియేటర్‌తోపాటు తానే ఇంటికొచ్చింది. బిగించకుండా, బండి నడవకుండా, వస్తువును చేతికిచ్చి పంపడం ఆమెకు అలవాటు లేదు. తెల్లచొక్కాతో మొగులప్ప కూడా వచ్చాడు. లాజరు పాత దోస్తులాగా అతని పక్కన చేరాడు. స్టాన్లీ బోల్టులు బిగించాడు. రిబ్కమ్మ బోరు దగ్గరికి బిందె పట్టుకుపోతుంటే భీమమ్మ ఆపింది.

"ఆ నీళ్లు కాదక్కా. మీరు తాగేటి నీళ్లు పొయ్యాలె. బోరు నీళ్లు పోసి మళ్ల నా కాడికి రావొద్దు."

రోజ ఫిల్టర్ నీళ్ల క్యాన్లు రెండు తెచ్చి ఇచ్చింది.

ఇంజన్ మొరాయించి, దగ్గి, అందుకుంది. భీమమ్మ పై గొట్టం మీద ఒక చెయ్యి, కింది గొట్టం మీద ఒక చెయ్యి వేసి నిలబడింది. పైది వేడెక్కింది, కిందిది గోరువెచ్చగా ఉంది. నీళ్లు తిరుగుతున్నాయి. లాజరు కట్టు చేతిని గుండెకు ఆనించుకుని ఆమె మొహాన్నే చూస్తున్నాడు, డాక్టరు మొహం చూసినట్టు.

"ఖాళీ బండి అందరికీ నడుస్తది," అన్నది భీమమ్మ. "బరువెక్కియ్యాలె. గడ్డ ఎక్కియ్యాలె. గప్పుడు చెప్త."

కల్హేర్ దారిలో భాస్కర్ అనే అతనికి రాళ్ల గని ఉంది, లాజరుకు తెలిసినవాడే. బండి నిండా గోడరాళ్లు ఎక్కించి, గుట్ట దాకా పోయి, మళ్లీ తెచ్చి దించేస్తామంటే నవ్వి ఒప్పుకున్నాడు. కూలీలు రాళ్లు విసురుతుంటే తొట్టి ధన్‌ధన్‌మని మోగింది. చెయ్యి బాగులేదు కనుక లాజరు నడపలేడు. అతను మొగులప్పతో కలిసి వెనక రాళ్ల మీద కూర్చున్నాడు. క్యాబిన్‌లో స్టీరింగ్ ముందు స్టాన్లీ, నడుమ భీమమ్మ, కిటికీ పక్కన రిబ్కమ్మ.

కంది చేల నడుమ నుంచి బండి పోతోంది. పూత మీదున్న కంది, దారికి రెండు దిక్కులా. గుట్ట ఎక్కుడు మొదలవగానే స్టాన్లీ ఒక్కసారి క్లచ్ తొక్కి వదిలి, మళ్లీ తొక్కి, గేరు మార్చాడు. ఇప్పటి బస్సులకు అట్లా రెండుసార్లు తొక్కే పని లేదు. ఈ బండికే కావాలి. ఈ మాట అతనికి ఎవరూ గుర్తుచేయలేదు. తండ్రిలాగే మెడ కొంచెం ముందుకు చాచి, ఇంజన్ చప్పుడు వింటూ, చప్పుడు భారమయ్యేలోపే ఇంకో గేరు తగ్గించాడు. రిబ్కమ్మ పక్కచూపుతో చూసింది. కొడుకు పెదవుల మీద, తనకు తెలియకుండానే, చిన్నప్పుడు హారన్ కొట్టేటప్పటి బిగువు.

"సూది సగం దాటలె," అన్నాడు స్టాన్లీ మీటర్ చూసి. ఎవరితోనూ చెప్పినట్టు కాదు.

గుట్ట మీద ఆపారు. భీమమ్మ దిగి, బానెట్ ఎత్తించి, కొంగులోంచి ఉతికిన తెల్లటి పాతగుడ్డ తీసి ప్రతి అతుకు వెంబడీ నెమ్మదిగా తుడిచింది. పై తొట్టి, కింది తొట్టి, మూసిన గొట్టాల దగ్గర, గొట్టాల మూతుల దగ్గర. తర్వాత గుడ్డ తెచ్చి రిబ్కమ్మ అరచేతిలో పెట్టింది. రిబ్కమ్మ మడత విప్పి చూసింది. ఒక్క తడి మచ్చ లేదు. వేడిగా మాత్రం ఉంది.

వెనక నుంచి లాజరు, "ఏమైంది?" అని అడిగాడు. ఎప్పుడూ వినని సన్నటి గొంతు.

"ఏం కాలె," అన్నది రిబ్కమ్మ. గుడ్డ అతనికి అందించింది. అతను దాన్ని ఎడమచేత్తో తీసుకుని, తిప్పి చూసి, భీమమ్మకు ఒక సెల్యూట్ కొట్టాడు. ఎడమచేత్తో కొట్టిన సెల్యూట్‌కు మొగులప్ప అందరికంటే ముందు నవ్వాడు.

తిరిగి వచ్చేటప్పుడు భాస్కర్ గని మలుపు దగ్గర స్టాన్లీ బండి నెమ్మది చేశాడు.

"తిప్పకు," అన్నది రిబ్కమ్మ. "ఇంటికి పోనియ్యి."

"రాళ్లు?"

"భాస్కర్‌తోని నేను మాట్లాడ్త. పోనియ్యి."

స్టాన్లీ తల్లి దిక్కు చూశాడు. భీమమ్మ ముందున్న దారి దిక్కు చూసింది.

ఇంటికి చేరాక భీమమ్మను, మొగులప్పను తినకుండా పోవద్దని కూర్చోబెట్టి రిబ్కమ్మ వెనక రేకుల కిందికి వెళ్లింది. రోజ పప్పు దించి, జొన్నపిండి కలుపుతోంది. రిబ్కమ్మ పక్కన కూర్చుని ఒక ముద్ద తీసుకుంది. రెండు జతల అరచేతుల చప్పుడు కలిసింది.

"ఇంకొక వానాకాలం ఈ రేకుల కింద ఓర్సుకుంటవా?" అని అడిగింది.

రోజ రొట్టె కొట్టడం ఆపలేదు. బయట రాళ్లతో నిలబడ్డ బండి ఆమెకు రేకుల సందులోంచి కనబడుతోంది. "ఒక్కటైతే ఓర్సుకుంట. రెండైతే ఓర్సుకోను, ముందే చెప్తున్న."

"ఒక్కటే."

"అయితే కిటికీ ఏ దిక్కు పెడ్తరో నన్ను అడగాలె."

ముప్పై ఏళ్లుగా మనసులో ఉన్న కిటికీ రిబ్కమ్మ గుండెలో ఒకసారి కదిలింది. "అడుగుత తియ్యి," అంది.

మధ్యాహ్నం అందరూ వరసగా కూర్చున్నారు. లాజరు ఎడమచేత్తో రొట్టె తుంచడానికి తంటాలు పడుతుంటే స్టాన్లీ తన కంచం పక్కన పెట్టి తండ్రికి ముక్కలు చేసి ఇచ్చాడు. మొగులప్ప ఊళ్లోని రేడియేటర్ల కథలన్నీ చెబుతున్నాడు. భీమమ్మ మెచ్చుకోకుండా, కాదనకుండా తింటోంది. కడుక్కున్నా ఆమె వేళ్ల కొసలు నల్లగానే ఉన్నాయి.

రిబ్కమ్మ అందరికీ పప్పు వడ్డిస్తూ, కొడుకు దగ్గర ఆగింది.

"రేపు వచ్చేటాయనకు ఫోన్ చేసి రావొద్దని చెప్పు. నేను సంతకం పెడ్తలేను."

స్టాన్లీ చెయ్యి కంచంలో ఆగింది. లాజరు తల ఎత్తలేదు.

"ఆ రాళ్లు తిన్నంక వెనకాల దించుండ్రి, రేకుల పక్కన. జాతర నుంచి వచ్చినంక ఇసుక, ఇంకిన్ని రాళ్లు, ఏమేం కావాల్నో అన్నీ మన బండి మీదనే తోలుకుందాం. స్టాన్లీ, ఆదివారాలు నువ్వు నడుపుతవు. మీ నాయిన పక్కన కూర్చుంటడు. ఈ ఏడు గోడలు లేస్తయి, స్లాబు వచ్చే ఏడు. నేనూ రోజా మాట్లాడుకున్నం," అని చెప్పి, ఇంకా పప్పు కావాలా అని భీమమ్మను అడిగింది.